రాక్షసుడు కథలో ఉంటే భయం లేదు

మాయలు, మాంత్రికులు, మాట్లాడే చిలుకలు ఉన్న కథలు చెబితే పిల్లలు అవన్నీ నిజమని నమ్మేస్తారేమోనని చాలామంది తల్లిదండ్రుల బెంగ. నాలుగేళ్ల పిల్లలు అంత తేలిగ్గా నమ్మరు. 2007లో ష్టుల్మన్, కేరీ అనే పరిశోధకులు "ఇలా జరగగలదా?" అని అడిగితే చిన్నపిల్లలు మాయలనే కాదు, మంచం కింద మొసలి కనబడడం లాంటి అరుదైనవాటిని కూడా "జరగవు" అని కొట్టిపారేశారు. కాబట్టి పిల్లల ఊహకు కళ్లెం వేయాల్సిన పనిలేదు, మేత పెట్టాలి.

మేత అంటే ఏడు చేపల కథే. అందులో చేప, గడ్డిమోపు, ఆవు, చీమ అన్నీ మాట్లాడతాయి. కారణాలు మాత్రం చూడండి: గడ్డిమోపు అడ్డమొచ్చింది కాబట్టి చేప ఎండలేదు, ఆవు మేయలేదు కాబట్టి మోపు అక్కడే ఉంది, గొల్లవాడు మేపలేదు, వాడికి అవ్వ బువ్వ పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది. బంగారు పుట్టను పక్కన పెడితే ఇందులో ఒక్క మాయా లేదు. మాటలే కల్పన, జరిగినదంతా మన పెరట్లో జరిగేదే.

మొదటిసారి మీరే పూర్తిగా చెప్పండి. రెండోసారి నుంచి "ఎందుకు ఎండలేదు?" దగ్గర ఆగి నాలుగైదు సెకన్లు ఎదురుచూడండి. చాలామంది ఆ మౌనం భరించలేక జవాబు తామే అందించేస్తారు, కథ అక్కడే పద్యం అప్పజెప్పినట్టు అయిపోతుంది. వరుస నోటికొచ్చాక వెనక నుంచి అడగండి: "చీమ కుట్టకపోయుంటే?" పిల్లాడు ఏడవడు, అవ్వ బువ్వ పెడుతుంది... ఇలా జరగనిదాన్ని ఊహించడమే అసలైన కసరత్తు. మూడేళ్లవాళ్లు రెండు మెట్లు ఎక్కినా చాలు.

మాయను నమ్మకపోయినా భయం మాత్రం కథ దాటి బయటికొస్తుంది. 1991లో మనస్తత్వవేత్త పాల్ హారిస్ బృందం పిల్లలకు ఖాళీ పెట్టె చూపించి, అందులో భూతం ఉందనుకోమంది. లేదని పిల్లలకు తెలుసు, నోటితో ఆ మాటే చెప్పారు కూడా. అయినా పెద్దవాళ్లు గది దాటబోతుంటే కొందరు బెదిరారు, దాటాక కొందరు పెట్టెలోకి తొంగిచూశారు.

అందుకే అన్నం తినకపోతే బూచాడికి పట్టిస్తామనే బెదిరింపు అన్నిటికన్నా చెడ్డది. మాయల ఫకీరుకి ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణముంది, దాన్ని పట్టుకుంటే వాడి పని అయిపోతుంది. బూచాడికి చిలుక లేదు, ముగింపూ లేదు. పైగా వాడు మీ గుమ్మం బయటే ఉన్నాడు!

భయపెట్టే కథలో దుష్టుడి కిటుకు మొదటి సగంలోనే చెప్పేయండి. రాత్రిపూట చివరి మూడు నిమిషాలు గెలిచి ఇంటికి రావడానికి, పెళ్లి భోజనానికి ఉంచండి. అక్కడ లడ్డూలు, బూరెలు ఎన్ని వడ్డించినా తప్పులేదు. రేపటికి వాయిదా వేయాల్సివస్తే గుహలో ఆపకండి, పేదరాశి పెద్దమ్మ ఇంట్లో ఆపండి. "కథ కంచికి, మనం ఇంటికి" అనడం ఎంత నిద్రొచ్చినా మానొద్దు.

నీతి సంగతి వేరు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలతో టొరంటోలో చేసిన ఒక అధ్యయనంలో, మనుషుల పాత్రలున్న కథ విన్నవాళ్లు తమ వస్తువులు ఎక్కువగా పంచుకున్నారు, జంతువుల కథ విన్నవాళ్లలో ఆ మార్పు రాలేదు. రోడ్డు దాటడం, తెలియనివాళ్లతో వెళ్లకపోవడం లాంటివి కుందేలు నోట చెప్పించొద్దు. మీ వీధి పేరు, పక్కింటి పిల్లలాంటి పాత్ర పెట్టి చెప్పండి.

ఇక సవతి తల్లి. జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల 1812 నాటి మొదటి కూర్పులో స్నోవైట్‌ను చంపించబోయింది కన్నతల్లే, తర్వాత సవతి తల్లిగా మార్చారు. వాళ్లే మార్చగా లేనిది, సవతి తల్లి ఉన్న ఇంటి పిల్లలకు చెప్పేటప్పుడు ఆ పాత్రను మంత్రగత్తెగా మార్చడానికి మనకేం అడ్డు?

"ఇది నిజమేనా?" అని పగలు అడిగితే "నువ్వేమనుకుంటున్నావ్?" అని తిరిగి అడగండి, కారణం చెప్పనివ్వండి. దీపం ఆర్పాక అదే ప్రశ్న వస్తే మాత్రం ఎదురుప్రశ్న వద్దు, "కాదు నాన్నా, కథలోదే" అని వెంటనే చెప్పేయండి.