142వ స్థానంలో నేను చదివింది వైరస్‌ను కాదు

కొత్త ప్రైమర్లతో, అంటే వైరస్ జన్యువు ముక్కలను పెంచడానికి వాటి చివర్లలో అతుక్కునే చిన్న డీఎన్‌ఏ తునకలతో, నడిపిన మొదటి బ్యాచ్ ఫలితాలు నిన్న రాత్రి వచ్చాయి. మే నెల నుంచి నన్ను వేధించిన చిక్కు విడిపోయింది కనుక, మరచిపోకముందే రాసి పెడుతున్నాను.

హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌లో కరోనా వైరస్ జన్యుక్రమాలను చదివే పని నాది. 2021 ఏప్రిల్‌లో జిల్లాల నుంచి పాజిటివ్ నమూనాలు ఐస్ పెట్టెల్లో వచ్చేవి. సీటీ విలువ తక్కువగా ఉన్నవాటిని, అంటే వైరస్ ఎక్కువగా ఉన్నవాటిని ఎంచుకోవడం, ఆర్‌ఎన్‌ఏను వేరుచేయడం, జన్యుక్రమం చదివే యంత్రమైన సీక్వెన్సర్‌లోకి ఎక్కించడం వారంలో చేతికి వచ్చాయి. సేకరించిన తేదీ రాయకుండా నమూనాలు పంపే కార్యాలయాల మీద మాత్రం నా కోపం ఇంకా తగ్గలేదు. ఏ రకం ఎప్పుడు పెరిగిందో తెలియాలంటే తేదీ ఉండాలి. లేకపోతే మొహమాటపడకుండా తిప్పి పంపండి.

ఈ వైరస్ జన్యువులో దాదాపు 30,000 అక్షరాలు ఉంటాయి. మేము వాడిన ఆర్టిక్ అనే ప్రైమర్ల సెట్టు మూడో వెర్షన్‌లో 98 జతల ప్రైమర్లు దానిని ఒకదాని అంచు మరొకదానిపైకి వచ్చేలా సుమారు 400 అక్షరాల ముక్కలుగా పెంచుతాయి. మే నెలలో మా నమూనాల్లో ఎక్కువ భాగం బి.1.617.2 రకమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ మే 31న డెల్టా అని పేరు పెట్టింది దీనికే. వాటిలో కొన్నింట స్పైక్ ప్రొటీన్ 142వ స్థానంలో మొదట దొరికిన మూల వైరస్‌లోని గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం, మిగిలినవాటిలో ఆస్పార్టిక్ ఆమ్లం కనబడ్డాయి. ఈ రకం రెండు శాఖలుగా చీలుతోందని నమ్మి, పట్టిక కట్టి, ఆన్‌లైన్ సమీక్షలో చూపించాను. ఒక పెద్దాయన అందరి ముందూ "పైపెట్ పట్టడం రానివాళ్ళు శాఖల గురించి మాట్లాడకూడదు" అన్నారు. అది తప్పని చెప్పారే గాని ఎందుకు తప్పో చెప్పలేదు, నేను అడిగినా వినిపించుకోలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

రీఏజెంట్లకు, అంటే పరీక్ష రసాయనాలకు, కటకటగా ఉన్న ఆ రోజుల్లో 24 నమూనాలను మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఫలితం దాదాపు అలాగే వచ్చింది. చివరికి తయారైన క్రమాన్ని పక్కన పెట్టి, దాని వెనకున్న ముడి రీడ్‌లను, అంటే యంత్రం చదివిన తునకలను, ఒక్కొక్కటిగా తెరిచి చూస్తే, గ్లైసిన్ కనబడిన నమూనాలన్నింటిలోనూ 72వ ముక్క పెరగనే లేదు. ఆ ముక్క కుడి ప్రైమర్ అతుక్కోవలసిన చోట డెల్టాలో ఆరు అక్షరాలు లోపించి ఉండడమే దానికి కారణం. 142వ స్థానాన్ని నిర్ణయించే అక్షరాలేమో 72వ ముక్క లోపలా, పక్కనున్న 73వ ముక్క ఎడమ ప్రైమర్ కిందా వస్తాయి. ప్రైమర్ మనం మూల వైరస్‌ను చూసి తయారుచేయించుకున్నది. దాని భాగాన్ని రీడ్‌ల నుంచి కత్తిరించే దశను మాకు ముందున్నవారు ఆపి ఉంచారు, నేను సరిచూసుకోలేదు. అంటే అన్నాళ్ళూ నేను అక్కడ చదివింది మేము పోసిన ప్రైమర్ అక్షరాలనే. 72వ ముక్క కొంతైనా పెరిగిన నమూనాల్లోనే అసలు అక్షరం బయటపడింది.

కత్తిరింపు పెట్టగానే ఆ చోటు ఖాళీ అయింది. ఖాళీగా ఉన్నచోట తెలియదు అనే గుర్తుగా 'ఎన్' అనే రాయాలి, మూల వైరస్ అక్షరంతో నింపకూడదు. కొత్తగా ఈ పనికి వచ్చినవారు ఏ మార్పునైనా నమ్మేముందు అది ప్రైమర్ కింద పడుతుందేమో చూసుకోండి, రీడ్‌లను మీ కళ్ళతో చూడండి. నా పైపెట్‌లో ఏ దోషమూ లేదని కూడా ఇక్కడ రాసుకునే హక్కు నాకుంది.

జూన్‌లో విడుదలైన నాలుగో వెర్షన్ ప్రైమర్లు మాకు పోయిన వారం అందాయి. నిన్నటి బ్యాచ్‌లోని డెల్టా నమూనాలన్నింటిలోనూ 142వ స్థానం నిండుగా చదవబడింది, అన్నింటా ఆస్పార్టిక్ ఆమ్లమే ఉంది. జన్యుక్రమాలను పంచుకునే డేటాబేస్ జీఐఎస్‌ఏఐడీలో మేము ముందు పెట్టిన క్రమాలకు సవరణలు ఈ ఉదయం పంపాను, ఆ సమీక్షలో ఉన్నవారందరికీ పట్టిక మళ్ళీ పంపాను. పెద్దాయన నుంచి జవాబు రాలేదు.