శివారు ఫ్లాప్‌కి సగం వంతు ఎందుకు దక్కదు?

దాళ్వాలో వంతులు పెట్టినప్పుడు డెల్టా శివారు రైతులకు బాగా తెలిసిన లెక్క ఒకటుంది. పైన లస్కరు తూము ఎత్తగానే కింది చేలోకి నీళ్లు రావు. ఎండిన పిల్లకాలువ ముందు తను తాగాలి. తూము దించాక ధార తగ్గడానికి పట్టే సమయం మళ్లీ వేరు. ఈ రెండు ఆలస్యాలూ సమానం కావు కాబట్టి పైన ఐదు రోజుల వంతు కింద ఐదు రోజులుగా మిగలదు. చిప్పులో క్లాక్ ట్రీకి, అంటే క్లాక్ సిగ్నల్‌ను మూలం (రూట్) నుంచి చివరనున్న ఫ్లాపులకు (బిట్లను దాచే చిన్న సర్క్యూట్లకు) చేర్చే కొమ్మల వలకి, పట్టే జబ్బు కూడా ఇదే. పేరు డ్యూటీ సైకిల్ డిస్టార్షన్, అంటే క్లాక్ హైలో ఉండే సమయం పీరియడ్‌లో సగం కాకుండా పోవడం. మన భీమవరం, కాకినాడ, అమలాపురం వైపు వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) ప్రాజెక్టులు చేసే పిల్లలు స్క్యూ (ఫ్లాపులకు క్లాక్ చేరే సమయాల్లో తేడా) మీద పెట్టే శ్రద్ధలో పావు వంతైనా దీనిమీద పెడితే బాగుండును.

లెక్క చూడండి. 1 గిగాహెర్ట్జ్ క్లాక్, పీరియడ్ 1000 పికోసెకన్లు. దారిలో సిగ్నల్‌కు బలమిచ్చే ఒక్కో బఫర్ రైజ్‌కి (లో నుంచి హైకి మారే ఎడ్జ్‌కి) 30, ఫాల్‌కి (హై నుంచి లోకి మారే ఎడ్జ్‌కి) 32 పికోసెకన్లు తీసుకుంటుందనుకుందాం. తేడా రెండే కదా అనిపిస్తుంది. 20 బఫర్లు దాటేసరికి అది 40. పైన 500గా బయల్దేరిన హై పల్స్ కింద 540 అవుతుంది, లో పల్స్ 460కి కుంగుతుంది. అన్నీ రైజింగ్ ఎడ్జ్ ఫ్లాపులే అయితే చాలావరకు నష్టం లేదు. ఫాల్‌లో బయల్దేరి రైజ్‌లో చేరే హాఫ్ సైకిల్ పాత్‌లు, క్లాక్ ఒక స్థాయిలో ఉన్నంతసేపూ తెరిచి ఉండే లాచ్‌లు, రెండు ఎడ్జ్‌లూ వాడే డీడీఆర్ మెమరీ, కనీస పల్స్ వెడల్పు అడిగే ఎస్‌రామ్ మెమరీలు మాత్రం దెబ్బ తింటాయి. డీడీఆర్4లో సగటు హై సమయం పీరియడ్‌లో 0.48 నుంచి 0.52 లోపే ఉండాలి. మన 54 శాతం అక్కడ చెల్లదు.

పల్స్ వెడల్పును సరిచేసే సర్క్యూట్, అంటే కరెక్టర్, పెట్టేముందు ట్రీని బాగుచేయండి. బఫర్ల బదులు ఇన్వర్టర్లు (హైని లో, లోని హై చేసేవి) వాడితే ప్రతి మెట్టులో ఎడ్జ్ తిరగబడుతుంది. పీమాస్ (అవుట్‌పుట్‌ను హైకి లాగే ట్రాన్సిస్టర్) నీరసం ఒకసారి రైజ్ మీద పడితే తర్వాతి మెట్టులో ఫాల్ మీద పడుతుంది, రెండూ కొట్టుకుపోతాయి. అన్ని మెట్లకూ సైజు, లోడ్ ఒకటే అయితేనే సుమా. బఫర్ లోపలా రెండు ఇన్వర్టర్లే కదా అంటారు. మొదటిది చిన్నది, రెండోది పెద్దది, వాటి లోడ్లు వేరు. అందుకే అక్కడ పూర్తిగా కొట్టుకుపోవు.

ఇన్వర్టర్ గొలుసు కూడా మాన్పలేని గాయం ఒకటుంది. క్లాక్ గేటింగ్‌లో (పని లేనప్పుడు క్లాక్ ఆపడంలో) గొలుసును నెలల తరబడి లో దగ్గర ఆపి ఉంచారనుకోండి. బేసి మెట్ల పీమాస్‌లకు ఇన్‌పుట్ లో, అంటే అవి నిరంతరం ఆన్. ఎన్‌బీటీఐ (ఆన్‌లో ఉన్న పీమాస్ మెల్లగా బలహీనపడడం) వల్ల అవే అరుగుతాయి. సరి మెట్లవి నిక్షేపంగా ఉంటాయి. మళ్లీ క్లాక్ వదిలితే ఫాలింగ్ ఎడ్జ్ అరిగిన పీమాస్‌లన్నిటి మీదుగా పోవాలి. రైజింగ్ ఎడ్జ్‌కి ఒక్కటీ అడ్డురాదు. హై పల్స్ ఉబ్బుతుంది. హై దగ్గర ఆపితే తిరగబడి చిక్కిపోతుంది. టేపవుట్ (డిజైన్‌ను తయారీకి పంపడం) నాటి సిమ్యులేషన్‌లో ఇది కనబడదు కాబట్టి కరెక్టర్ చిప్పుతోపాటే ఉండాలి.

కరెక్టర్‌లో కొలిచేది శివారులో, సరిచేసేది తలతూము దగ్గర. ఈ రెండూ తలతూము దగ్గరే పెడితే రూట్ 50 శాతం చూపిస్తుంది, లీఫ్ (శివారు కొస) మాత్రం 54లోనే ఉంటుంది. కొలతకు క్లాక్‌ను సగటు చేసే ఫిల్టర్‌గా 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 1 పికోఫారడ్ కెపాసిటర్ చాలు. టైమ్ కాన్‌స్టెంట్ 100 నానోసెకన్లు. 0.8 వోల్టుల సప్లైలో 50 శాతం అంటే సగటు 0.4 వోల్టులు. ఒక్కో శాతం తేడా 8 మిల్లీవోల్టులు, రిపుల్ (సగటు మీద మిగిలే అల) 2 మిల్లీవోల్టులు. ఆ సగటును 0.4తో పోల్చే కంపారేటర్‌లో 8 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ (సొంత తప్పు) ఉంటే ఒక శాతం తప్పు మీరే కొని తెచ్చుకున్నట్టు. ఇన్‌పుట్‌లు తారుమారు చేసి రెండుసార్లు కొలిచి, వచ్చిన సవరణ కోడ్‌ల సగటు తీసుకోండి. 0.4 రిఫరెన్స్ దూరపు సప్లై నుంచి తేవద్దు. లీఫ్ దగ్గర 10 మిల్లీవోల్టుల డ్రాప్ ఉంటే సగటు 5 మిల్లీవోల్టులు జారి, 0.6 శాతం పైగా లేని తప్పు కనిపిస్తుంది.

సరిచేసే ఇన్వర్టర్‌కి అదనపు కాళ్లు (విడివిడిగా ఆన్ చేయగల ట్రాన్సిస్టర్లు) 31 పెడితే, ప్లస్ మైనస్ 8 శాతం పరిధిలో ఒక్కో మెట్టు సుమారు అర శాతం. ఏ కాళ్లు ఆన్‌లో ఉండాలో చెప్పే కోడ్ థర్మామీటర్ తరహాలో, మెట్టుకు ఒక్క కాలే కదిలేలా, ఉండాలి. బైనరీలో 01111 నుంచి 10000కి మారేటప్పుడు అన్ని బిట్లూ ఒకేసారి కదిలి పల్స్ చెదురుతుంది. కోడ్ వెతకడానికి ఐదు మెట్ల బైనరీ సెర్చ్ (ప్రతిసారీ పరిధిని సగం చేస్తూ వెతకడం), మెట్టుకు ఒక మైక్రోసెకను ఆగండి. తొందరపడితే ఫిల్టర్ కుదురుకోకముందే నిర్ణయం జరిగిపోతుంది. దొరికాక కొలిచి సరిచేసే ఈ లూప్‌ను ఫ్రీజ్ చేయండి, లేకపోతే చివరి బిట్ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

రెట్టింపు వేగపు క్లాక్ పంపి లీఫ్ దగ్గర రెండుతో భాగించడం తేలిక ఉపాయం, అక్కడ ఒకే రకం ఎడ్జ్ వాడతారు కాబట్టి. కానీ ట్రీ పొడవునా కరెంటు దాదాపు రెట్టింపు.

ఇంట్లో చూడాలంటే స్కైవాటర్ 130 నానోమీటర్ల పీడీకే (ఆ ఫ్యాక్టరీ ట్రాన్సిస్టర్ల మోడళ్ల కిట్), ఎన్‌జీస్పైస్ (సర్క్యూట్ సిమ్యులేటర్) ఉచితమే. 20 క్లాక్ బఫర్లు వరసగా కట్టి, 1.8 వోల్టులిచ్చి, మొదటి, చివరి నోడ్‌ల దగ్గర 0.9 వోల్టులు దాటే చోట పల్స్ వెడల్పు కొలవండి. తర్వాత అదే గొలుసు ఇన్వర్టర్లతో. ఎస్ఎస్ (రెండూ నెమ్మది), ఎఫ్ఎఫ్ (రెండూ వేగం) కార్నర్లతో, అంటే తయారీలో వచ్చే తేడాల అంచులతో, ఆపేయకండి. వాటిలో పీమాస్, ఎన్‌మాస్ (అవుట్‌పుట్‌ను లోకి లాగే ట్రాన్సిస్టర్) కలిసే కదులుతాయి కాబట్టి జబ్బు సగం దాగుతుంది. ఒకటి నెమ్మది, ఒకటి వేగంగా ఉండే ఎస్ఎఫ్, ఎఫ్ఎస్ నడపండి.