బొలీవియాకు మా పొలం బాకీ

జూలై, బుధవారం. ఏథెన్స్, జార్జియా, అమెరికా.

వేరుశనగ పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. ఇక్కడ నా రోజును నడిపేది ఆ పువ్వే. నిన్న సాయంత్రం విచ్చుకోని మొగ్గల్లోంచి పుప్పొడి తిత్తులు తీసేసి, ఒక్కో దాని దగ్గర ఎర్ర దారం కట్టి వచ్చాను. ఈరోజు పొద్దున్నే గ్లాస్‌హౌస్‌కు వెళ్లి, ఆ పువ్వులకు అడవి సంతతి పుప్పొడి అద్దాను. వంగి చేయాల్సిన పని. నడుము పట్టేస్తుంది, కళ్లు లాగుతాయి. అయినా రోజంతటిలో నాకు బాగా ఇష్టమైన గంట ఇదే. ఇప్పుడు కట్టిన దారాల దగ్గర వారం పది రోజుల్లో ఊడ, అంటే నేలలోకి దిగి కాయగా మారే కాడ, కిందికి దిగడం మొదలైతే కలయిక కుదిరినట్లు. దిగకపోతే పువ్వుతో పాటే ఆ కలయికా ఎండిపోతుంది.

మా ఊరు కదిరి దగ్గర. వేరుశనగ చేలలోనే పెరిగాను. కానీ మన పంటకు ఇంత ఒంటరి చరిత్ర ఉందని ఇక్కడికి వచ్చి చదివేదాకా తెలియదు. వేల ఏళ్ల కిందట దక్షిణ అమెరికాలో, ఇప్పటి బొలీవియా, అర్జెంటీనా సరిహద్దుల వైపు, రెండు అడవి జాతులు కలిశాయి. ఒకటి అరాకిస్ డ్యూరనెన్సిస్, రెండోది అరాకిస్ ఇపయెన్సిస్. ఒక్కో దాంట్లో 20 క్రోమోజోములు. కలిసి పుట్టిన మొక్కలో అవి రెట్టింపై 40 అయ్యాయి. అప్పటి నుంచి ఆ బిడ్డకు తన అడవి బంధువులతో సంబంధం తెగిపోయింది. లెక్క కుదరదు కాబట్టి వాటితో కలిసినా సంతానం గొడ్డుబోతుంది. అంటే అనంతపురంలో, గుజరాత్‌లో, సెనెగల్‌లో, ఈ జార్జియాలో పండే వేరుశనగ అంతా ఆ కొద్దిపాటి వంశం నుంచి వచ్చిందే. కాయ పరిమాణంలో, గింజ రంగులో ఎన్ని తేడాలు కనిపించినా లోపల అన్నీ దగ్గరి చుట్టాలు. ఒక మొక్కను చంపే తెగులు పక్క మొక్కనూ చంపుతుంది, పక్క దేశంలోని మొక్కనూ చంపుతుంది.

ఆ తెగిన సంబంధాన్ని మళ్లీ కలపడమే మా పని. రెండు అడవి జాతులను ముందు ఒకదానితో ఒకటి కలుపుతాం. ఆ సంకరానికి కోల్చిసిన్ అనే మందు పెట్టి క్రోమోజోములను రెట్టింపు చేస్తాం. అప్పుడు అది మన వేరుశనగతో కలుస్తుంది. చెప్పడానికి మూడు వాక్యాలు, చేయడానికి ఏళ్లు.

పువ్వుల పని అయ్యాక మట్టి పని. అడవి వేరుశనగ కోత గురించి నాన్నకు చెబితే మొదట నమ్మలేదు. మన చేలో మొక్క పీకితే కాయలు గుత్తిగా పైకి వస్తాయి. అడవి మొక్కను పీకితే ఆకూ కాడా మాత్రమే చేతికి వస్తాయి, కాయలు మట్టిలోనే ఉండిపోతాయి. ఒక్కో కాయ రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్కలో ఒక చిన్న గింజ, రెంటికీ మధ్య పొడవాటి సన్నని కాడ. తాకితే తెగిపోతుంది. అందుకని కుండీలో మట్టినంతా జల్లెడ పట్టి, అమ్మ బియ్యంలో రాళ్లు ఏరినట్లు ఒక్కొక్క గింజా ఏరుకోవాలి. ఈరోజు నాలుగు కుండీలు పట్టేసరికి మధ్యాహ్నం దాటింది. అలా ఏరుతున్నంతసేపూ నాకు దక్షిణ అమెరికా ఆదివాసీ రైతులే గుర్తొస్తారు. పీకితే ఊడిరాని కాయలను వదిలేసి, మొక్కతో పాటు వచ్చిన వాటినే మళ్లీ విత్తుకుంటూ, తరతరాలుగా ఈ పంటను మనిషి చేతికి అందేలా చేసింది వాళ్లు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

మధ్యాహ్న భోజనానికి సెనెగల్ నుంచి వచ్చిన తోటి విద్యార్థిని మాఫే తెచ్చింది. వేరుశనగ ముద్దతో చేసే చిక్కటి కూర, అన్నంలోకి. నేను పల్లీల పొడి తీసుకెళ్లాను. ఒకరి డబ్బాలోది ఒకరం తిన్నాం. వాళ్ల దేశంలో పరిశోధకులు ఫ్లర్ 11 అనే రకాన్ని అడవి సంతతితో కలిపి పని చేశారు. దాని గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతులో గర్వం వినిపిస్తుంది. తీవ్రమైన పోషకాహార లోపంతో ఉన్న పిల్లలకు నేరుగా పొట్లం చింపి తినిపించే వేరుశనగ ముద్ద గురించీ మాట్లాడుకున్నాం. దాన్ని 1996లో ఫ్రాన్స్‌లో తయారు చేశారు. నీళ్లు కలపనక్కర్లేదు, వండనక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. ఆఫ్రికాలోని ఎన్నో ఆరోగ్య కేంద్రాల్లో పసిపిల్లల ప్రాణాలు నిలబెడుతున్నది అదే. ఆహార భద్రత అనే మాటను సమావేశాల్లో ఎన్నిసార్లు విన్నా పట్టని బరువు, ఆ పొట్లం గురించి ఆమె చెబుతుంటే నాకు పట్టింది.

తిరిగి వచ్చే దారిలో రోడ్డు పక్కన ఉప్పునీళ్లలో ఉడికించిన వేరుశనగ కాయలు అమ్ముతున్నారు. ఈ రాష్ట్రంలో అది మామూలే. అమెరికాలో పండే వేరుశనగలో దాదాపు సగం ఇక్కడిదే. అధ్యక్షుడైన రైతు జిమ్మీ కార్టర్‌ది కూడా ఈ రాష్ట్రమే. ఒక పొట్లం కొనుక్కున్నాను. రుచి మన ఇంటిదే.

సాయంత్రం ఫెలోషిప్ నివేదిక ముందేసుకుని కూర్చున్నాను. ఫీజు, గది అద్దె, వచ్చిపోయే టికెట్టు అన్నీ వాళ్లే భరిస్తున్నారు. చదువయ్యాక స్వదేశంలో పంటల వైవిధ్యం మీద పని చేయాలన్నది షరతు. ఆ షరతు నాకు భారం కాదు, అందుకోసమే వచ్చాను. నివేదికలో ఒక ప్రశ్న ఉంటుంది: మీ పరిశోధన వల్ల మేలు పొందేది ఎవరు? జవాబు తేలికే. రాయలసీమ మెట్ట రైతులు అని రాస్తాను, అది నిజం కూడా. కానీ ఈ మేలు ఎవరి దగ్గర నుంచి వచ్చిందని అడిగే గడి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఈ ప్రశ్న నన్ను పట్టుకోవడానికి కారణం జీకేపీ 10017. అది ఒక అడవి వేరుశనగ నమూనా పేరు, జాతి అరాకిస్ కార్డెనాసీ, దొరికింది బొలీవియాలో. ఆ మూడు అక్షరాలు దాన్ని సేకరించిన గ్రెగరీ, క్రపోవికాస్, పియెత్రరెల్లి పేర్లలోని మొదటి అక్షరాలు. 1960లలో దాన్ని మామూలు వేరుశనగతో కలిపే సంకరాలు మొదలయ్యాయి. అక్కడి నుంచి ఆ సంతతి విత్తనాలు ఒక శాస్త్రవేత్త నుంచి ఇంకొకరికి, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ వచ్చాయి. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కూ చేరాయి. ఎవరు ఎవరికి ఇచ్చారో చాలా చోట్ల లెక్క కూడా లేదు. ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా, అమెరికాలలో తెగుళ్లను తట్టుకునే ఎన్నో రకాల్లో ఆ ఒక్క నమూనా అంశ ఉందని 2021లో అచ్చయిన పరిశోధన జన్యువులను చదివి తేల్చింది. ధార్వాడ్‌లో రూపొందిన జీపీబీడీ 4 అనే వేరుశనగ రకం ఆ సంతతిదే. ఆ రకం నుంచే తుప్పు తెగులును, ఆకుమచ్చను తట్టుకునే గుణాన్ని మన జిల్లా రైతులకు తెలిసిన ఐసీజీవీ 91114 అనే రకంలోకి మన శాస్త్రవేత్తలు ఎక్కించారు.

తిక్క ఆకుమచ్చ అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ వివరించనక్కర్లేదు. మాకు వాన కరువే అసలు కష్టం. కానీ వానలు బాగా పడిన ఏడాది ఈ తెగులు తగులుకుంటుంది. ఆకులన్నీ నల్లమచ్చలు పడి రాలిపోతాయి, ఊడలు బలం తప్పి కాయలు నేలలోనే తెగిపోతాయి. పశువులకు కట్టె కూడా మిగలదు. దానికి మందు కొట్టే డబ్బులు ఆ ఏడాది పెట్టుబడిలో ఎంత భాగమో నాన్న నోటి లెక్కగా చెప్పగలడు. ఆ ఖర్చును తగ్గించే గుణం బొలీవియా అడవిలో ఎవరూ విత్తని ఒక మొక్కలో ఉంది. ఆ మొక్క బతికి ఉండటానికి అక్కడి నేల, అక్కడి మనుషులు కారణం. వాళ్లకు మన నుంచి ఏం ముట్టింది?

విత్తనాలు అప్పటిలా ఇప్పుడు తిరగడం లేదు. 1992 జీవవైవిధ్య ఒప్పందం తర్వాత ప్రతి దేశానికీ తన మొక్కల మీద హక్కు వచ్చింది, అది న్యాయమే. పంటల విత్తనాలు సులువుగా ఇచ్చిపుచ్చుకోవడానికి 2001లో ఇంకో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. కానీ అప్పుడు రాసుకున్న పంటల జాబితాలో వరి, గోధుమ, జొన్న, కంది, శనగ ఉన్నాయి, వేరుశనగ లేదు. మా పనికి కావలసిన ఒక అడవి నమూనా కోసం ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి. విసుగొస్తుంది. అదే సమయంలో, ఇవ్వడానికి వెనకాడే దేశాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఒకసారి ఇచ్చి, తమ పేరు కూడా వినపడని వాళ్లు రెండోసారి ఆలోచించరా? విత్తనానికి తలుపులు తెరిచే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇచ్చిన వాళ్ల వాటా లెక్కలో పెట్టకుండా ఆ తలుపులు తెరవమని అడగడం మాత్రం నాకు చేతకాదు.

రాత్రి తొమ్మిదికి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారి ఆరున్నర. నాన్న పొలానికి బయలుదేరుతున్నాడు. పదును ఉందట, ఈ వారంలోనే విత్తనం వేస్తారట.

“ఈసారీ కదిరి-6 ఏనా నాన్నా?”

“సగం అదే. మిగతా సగంలో లేపాక్షి వేద్దామని మీ చిన్నాన్న అంటున్నాడు. మీ తాత ఉన్నన్నాళ్లూ టీఎంవీ-2 తప్ప ఇంకోటి వేయలేదమ్మా. నువ్వు చేసేది ఎప్పటికి వస్తుంది?”

“పదేళ్లయినా పడుతుంది.”

“పడనీ. అప్పటికి నాకు డెబ్బై కూడా నిండవు. నేనే వేస్తా.”

బొలీవియా గురించి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. మనకు అంత మేలు చేసిన వాళ్లకు మనం ఏం పంపాం అని అడిగాడు. నేను రోజంతా నమిలిన ప్రశ్నను ఆయన ఒక్క నిమిషంలో వేశాడు. ఏమీ పంపలేదని చెప్పాను. “అట్లయితే బాకీ ఉన్నాం” అన్నాడు. అమ్మ ఫోన్ అందుకుని నేను ఏం తిన్నానో కనుక్కుంది.

నివేదిక మళ్లీ తెరిచి, మేలు పొందేవారి గడిలో రాయలసీమ రైతుల కంటే ముందు రెండు వాక్యాలు చేర్చాను: ఈ పనికి ఆధారమైన మొక్కలు బొలీవియా, అర్జెంటీనా దేశాలవి; రాబోయే రకాల వల్ల వచ్చే లాభంలో అక్కడి సేకరణ కేంద్రాలకు, రైతులకు ఏ రూపంలో వాటా చేరాలో ఈ ఫెలోషిప్ ఇప్పుడే మాట్లాడాలి. ఇంకో సూచనా రాశాను. మన దగ్గర విత్తన సంచి మీద రకం పేరు, మొలక శాతం, తేమ, తేదీ అన్నీ ఉంటాయి. దాని వంశం కూడా ఒక వరుసలో అచ్చు వేయించాలని అడిగాను. రేపు పువ్వుల పని అయ్యాక మా ఆచార్యురాలికి చూపిస్తాను. ఆమె కొట్టివేయమన్నా ఆ రెండు వాక్యాలూ వదులుకోను.