చివరి దాకా పోయినయా?

మా నాయిన సాగర్ ఎడమ కాలువ కింద ఒక మేజరు (పెద్ద పిల్లకాలువ) మీద నీళ్లు వదిలే లష్కర్‌గా చేసి రిటైరయిండు. పొద్దున్నే సైకిలేసుకొని తూముల వెంట పోవుడు, రాత్రి అన్నం ముందు కూసొని "ఇయ్యాల గూడ చివరి భూములకు నీళ్లెక్కలే" అని గొణుగుడు. నా చిన్నతనమంతా అదే విన్న. ఇప్పుడు నేను మిర్యాలగూడ దగ్గర ఒక హైస్కూల్లో బయాలజీ చెప్తున్న. 12 ఏళ్లుగా బోర్డు మీద కంటి బొమ్మ గీస్తున్న. కంటి వెనక తెర రెటీనాకు ఒక బాణం గుర్తు పెట్టి పేరు రాస్తే నా పని అయిపోయేది. అందులో రక్తనాళాలు ఎప్పుడు, ఎట్ల పెరుగుతయో నా బిడ్డ పుట్టిందాకా ఆలోచించనే లేదు.

బిడ్డ 29 వారాలకే పుట్టింది. 1,250 గ్రాములు. 26వ రోజు ఇంటికి పంపిన్రు. చిట్టీ అడుగున చిన్న అక్షరాలతో ఆర్‌ఓపీ (నెలలు నిండని పిల్లలకొచ్చే రెటీనా జబ్బు) స్క్రీనింగ్ అని రాసి ఉంది, నోటితో మాత్రం ఎవ్వరూ చెప్పలే. 34 వారాల లోపు గానీ 2 కిలోల లోపు గానీ పుట్టిన పిల్లలకు 30 రోజులు నిండకముందే కండ్లు చూపియ్యాలె. ఆ సంగతి ఆ రాత్రి నేను వెతుక్కుంటే తెలిసింది. మూడు రోజులే మిగిలినయి. ఒకవేళ ఆ చిట్టీ మడిచి బీరువాల పెట్టి ఉంటే? ఇప్పటికీ అది తలుచుకుంటే కోపమొస్తది.

హైదరాబాద్‌ల డాక్టరమ్మ ముందు బరువు అడిగింది, కన్ను తర్వాత చూసింది. చుక్కల మందు వేసి, బిడ్డను గుడ్డల చుట్టి, రెప్పలకు సన్న తీగ క్లిప్పు పెట్టిన్రు. నా భార్య ఆ ఏడుపు వినలేక బయటికి పోయింది. తర్వాత డాక్టరమ్మ చిట్టీ వెనక ఒక గుండ్రం గీసి చెప్పింది. కంటి నరం లోపలికొచ్చే చోట దాదాపు 16వ వారంల రక్తనాళాలు మొదలయితయి. అక్కడి నుంచి అంచుల దిక్కు పాకుతయి. ముక్కువైపు అంచు దగ్గర, 36వ వారానికల్లా అందుకుంటయి. చెవివైపు అంచు దూరం, నెలలు నిండితే గానీ చేరవు. చివరి భూములన్న మాట!

వాటిని ముందుకు నడిపేది ఆకలి. రక్తం అందని కణాలకు ఆక్సిజన్ చాలకపోతే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతయి. నాళాలు దాని దిక్కే పెరుగుతయి. ఇంటికొచ్చి చెప్తే నాయిన నవ్విండు. "ఎండిన మడే నీళ్లను పిలుసుకుంటదన్నట్టు. మా కాలువకు గట్లుంటే నాకు కొలువే లేకపోవు."

కడుపుల ఆక్సిజన్ తక్కువ, అక్కడ అదే సరైనది. ముందే బయటపడ్డ బిడ్డకు అది ఒక్కసారిగ ఎక్కువైతది, పైపు పెడితే ఇంకా ఎక్కువ. పిలుపు ఆగుతది, నాళాలు సగంల నిలుస్తయి. కొన్ని వారాలకు రెటీనా ఎదిగి ఆకలి పెరిగితే వీఈజీఎఫ్ మితిమీరి వస్తది. అప్పుడు నాళాలు దారి తప్పి కంటి లోపలి జెల్లీలకు ఎగబాకుతయి, రక్తం కారుతది, మచ్చ కట్టి రెటీనాను గుంజుతది. కాలువ అందనోళ్లు పొలమంతా బోర్ల మీద బోర్లు దింపినట్టు.

ఈ జబ్బును 1942ల బోస్టన్‌ల టెర్రీ అనే డాక్టరు మొదట రాసిండు. ఆక్సిజనే కారణమని 1950ల మొదట్ల తేలేసరికి వేలమంది పిల్లల చూపు పోయింది. తర్వాత ఆక్సిజన్ మరీ తగ్గిస్తే పిల్లల ప్రాణాలే పోయినయి. కథ ఆక్సిజన్‌తోనే అయిపోదు మరి. ఐజీఎఫ్-1 అనే ఇంకో పదార్థం చాలకపోతే వీఈజీఎఫ్ ఎంత పిలిచినా నాళాలు సరిగ కదలవు. నెలలు నిండని పిల్లల్ల అది తక్కువ, బిడ్డ బరువు పెరిగే కొద్దీ పెరుగుతది. డాక్టరమ్మ ముందు బరువు ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది. నాళాలను పిలిచే పదార్థమేదో ఉండాలని మైకల్సన్ అనే కంటి డాక్టరు 1948లనే ఊహించిండు, ఫెరారా అనే శాస్త్రవేత్త బృందం దాన్ని విడదీసి వీఈజీఎఫ్ అని పేరు పెట్టింది 1989ల.

ఇంట్ల ఇంకో కన్ను కూడా ఉంది. మా అమ్మకు షుగరు, రెటీనా నడిమిట్ల వాపు. నెలకోసారి కంట్ల సూది. ఆ మందు చేసే పని ఈ వీఈజీఎఫ్‌ను ఆపుడే. అమ్మ గట్టిగనే అడిగింది: "దానికి నరాలు పెరగాలని మొక్కుతున్రు, నాకు వద్దని పొడుస్తున్రు. గిదేం లెక్కరా?" నాళాలు పెంచుడొక్కటే కాదమ్మా, ఉన్నవాటిని కారేటట్టు కూడ చేస్తదని చెప్పిన. నాయిన అందుకున్నడు: "కట్టకు బుంగ పడ్డట్టు."

బిడ్డకు రెండోసారి చూస్తే నాళాలు ఆగిన చోట గీత కొంచెం లేచింది, మూడోసారీ అంతే. ముదిరితే లేజరు, లేదంటే అమ్మకిచ్చే మందే సగం మోతాదుల ఇస్తమన్నరు. నాలుగోసారికి గీత దానంతటదే చదునైంది. ఐదోసారికి బిడ్డకు 42 వారాలు.

తిరుగు ప్రయాణంల బస్సు చౌటుప్పల్ దాటుతుంటే నాయిన ఫోన్.

"చివరి దాకా పోయినయా?"

"పోయినయి నాయినా."

"చెవి దిక్కు గూడ?"

"రెండు కండ్లల్ల."

వెనక నుంచి అమ్మ గొంతు, మంగళవారం తన సూది సంగతి అడిగినవా అని.