నేలపట్టు చెరువు నీళ్లు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి రాయమనగానే నాకు ముందు గుర్తొచ్చింది గూడబాతులు, అంటే పెలికాన్లు. దొరవారిసత్రం, సూళ్లూరుపేట చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన మనకి వాటిని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. 2022లో మన ప్రాంతం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, మన వానలు ఈశాన్యపు వానలే. అక్టోబరులో నేలపట్టు ఊరి చెరువు నిండితే చాలు, నడుం లోతు నీళ్లలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూళ్లు మొదలవుతాయి. ఆ చెట్టు నెలల తరబడి నీళ్లలో ఉన్నా కుళ్లదు. చుట్టూ నీళ్లుంటే నక్కలు గూటి జోలికి రాలేవు.

గూడబాతు పిల్ల తినే తీరు చూసినవాళ్లు మర్చిపోరు. తల్లి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చేసి, సగం అరిగిన చేపల్ని లోపలే మింగుతుంది. నత్తగుల్ల కొంగది ఇంకో నేర్పు. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తని బురదకి అదిమిపెట్టి, కింది ముక్కు కొనని గుల్ల మూత పక్కన దూర్చి, లోపలి కండరం కోసి మాంసం లాగేస్తుంది. గుల్ల చాలాసార్లు పగలదు కూడా. గట్ల మీద అలాంటి ఖాళీ గుల్లలేరి జేబులు నింపుకుని బడికొచ్చేవాళ్లం.

చెట్ల కింద పడిన రెట్టలతో చెరువు నీళ్లకి సారం వస్తుంది. ఆ నీళ్లు తూము దిగి పొలానికి పారితే పైరుకి వేరే బలం పెద్దగా అక్కర్లేదని రైతులు అనేవాళ్లు. 1976లో నేలపట్టుని పక్షుల అభయారణ్యమని ప్రకటించక ముందు కూడా ఆ పక్షులు అక్కడ బతికాయంటే, ఊరివాళ్లు వాటిని తమవనుకోబట్టే. ఈ మాట ప్రతి బోర్డు మీదా రాయాలని నా కోరిక.

అయితే చెరువొక్కటే పచ్చగా ఉంటే సరిపోదు. గూడబాతులు చేపల కోసం పులికాట్ ఉప్పునీటి సరస్సు దాకా వెళ్లొస్తాయి. కాళంగి నది తెచ్చే మంచినీళ్లూ, రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాల్లోంచి వచ్చే సముద్రపు నీళ్లూ కలిస్తేనే సరస్సులో చేపా రొయ్యా పుడతాయి. ముఖద్వారాలు ఇసుక మేట వేస్తే ఉత్తరం వైపు సరస్సు ఎండిపోయి, నెర్రెలిచ్చిన నేల బయటపడుతుంది. అప్పుడు జాలరికీ పని లేదు, పక్షికీ మేత లేదు. శ్రీహరికోట అంటే లోకానికి రాకెట్లు. మనకి ఆ రోడ్డుకి రెండు వైపులా బారులు తీరిన రాజహంసలు (ఫ్లెమింగోలు) కూడా. 2001 నుంచి ఫ్లెమింగో పండగ జరుపుతున్నారు, సంతోషమే. పూడిక తీయడం మాత్రం పండగ కంటే ముందు జరగాలి.

ఈసారి మన కలయిక జనవరిలో పెట్టుకుందాం. అప్పటికి గూళ్లలో పిల్లలుంటాయి. పొద్దున్నే నేలపట్టు వెళ్లి, ఊళ్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఏ పిట్టని ఏమంటారో అడిగి రాసుకుందాం. వచ్చే సంచికలో ఆ పేర్లన్నీ అచ్చు వేయాలి.