నల్లమల రాళ్ళు పారబోశాక

ఎమ్మెస్సీ బోటనీ ప్రాజెక్టుకి నేను పెట్టుకున్న ప్రశ్న చూడ్డానికి చిన్నదే. నల్లమలలో కొండవాలు మీది చెట్లకీ, కింద వాగు పక్క చెట్లకీ తేడా ఏంటి, అందులో మట్టి వాటా ఎంత? రెండూ ఆకురాల్చే అడవే. మధ్య దూరం అరగంట నడక.

పులుల రిజర్వు కాబట్టి అనుమతి లేనిదే అడుగు పెట్టలేం. సెప్టెంబర్‌లో దరఖాస్తు పెడితే మార్చిలో కాగితం చేతికొచ్చింది. అప్పటికి అడవంతా మోడు. ఆకు చూసి చెట్టు పేరు చెప్పడం నేర్చుకున్నదాన్ని నేను. ఆకులన్నీ కాళ్ళ కింద కరకరలాడుతున్నాయి.

గట్టెక్కించింది మాతో వచ్చిన చెంచు వాచరే. "ఆకుతో పనేందమ్మా, బెరడు చూడు" అన్నాడు. పలకలుగా చీలి మొసలి వీపులా ఉంటే నల్లమద్ది. నున్నగా, బూడిద తెలుపుగా ఉంటే చిరుమాను. పాత గాటు దగ్గర ఎర్రటి జిగురు గడ్డకట్టి ఉంటే ఏగిస. నల్లగా, చిన్న చిన్న చదరాలుగా పగిలితే తునికి. పది మీటర్ల చదరాలు గీసుకుని, 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత 30 సెంటీమీటర్లు దాటిన ప్రతి చెట్టుకీ టేపు చుట్టడం రెండో రోజుకే అలవాటైపోయింది. గడ్డీ గాదరా మాత్రం ఎండిపోయాయి, వాటికోసం వానలు పడ్డాక మళ్ళీ రావాల్సిందే.

మట్టి దగ్గర మొదలైంది అసలు కష్టం. ఇంత నేలలో ఇంత మట్టి అని తేల్చడానికి, కొలత తెలిసిన ఇనుప సిలిండర్‌ని నేలలోకి దించి మట్టి తీయాలి. వాగు పక్కన అది వెన్నలో దిగినట్టు దిగింది. వాలు మీద అంతా రాళ్ళే, నాలుగు దెబ్బలకి దాని అంచు వంకరపోయింది. చివరికి చిన్న గుంత తవ్వి, తీసిన మట్టీ రాళ్ళూ మొత్తం సంచిలో కట్టి, గుంతలో పాలిథిన్ కవరు పరిచి, కొలజాడీతో నీళ్ళు పోసి ఎన్ని పట్టాయో రాసుకున్నాను, గుంత ఎంతదో తెలియాలి కదా. అవి మా తాగే నీళ్ళు. "మాకు మిగలనిస్తవా?" అన్నాడాయన.

ల్యాబులో మట్టి ఆరబెట్టి, తూచి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, పైన మిగిలిన రాళ్ళు పారబోశాను. మట్టిలో కర్బనం ఎంతుందో చూడ్డానికి, గ్రాము మట్టిలో నారింజ రంగు పొటాషియం డైక్రోమేటు, సల్ఫ్యూరిక్ ఆమ్లం పోశాను. అరగంట తర్వాత కూడా ఆ రంగు నిలవాలి. వాగు మట్టి ఆకుపచ్చగా మారింది. కర్బనం ఎక్కువై డైక్రోమేటంతా అయిపోయిందన్నమాట. అది ఊహించిందే. కానీ రాళ్ళ వాలు మట్టి కూడా పచ్చబడింది! మందు పాడైందనుకుని కొత్తగా కలిపి చేశా. మళ్ళీ అదే పచ్చ. అరగ్రాముతో చేస్తే లెక్క తేలింది: రెండు చోట్లా కర్బనం శాతం దగ్గర దగ్గరే.

రెండు రోజులు దిగులుపడ్డాను, తేడానే లేకపోతే థీసిస్ ఏం రాయాలని. మా గైడ్ మేడమ్ టేబుల్ చూసి ఒక్కటే అడిగారు: "రాళ్ళ బరువెంతమ్మా?"

పారబోశాను కదా. నోరు పెగల్లేదు.

అదృష్టం కొద్దీ జల్లెడ పట్టకముందు తూచిన మొత్తం బరువు నోటుబుక్కులో ఉంది. అందులోంచి సన్నమట్టి తీసేస్తే మిగిలేది రాళ్ళే. గుంతకి పట్టిన నీళ్ళతో కలిపి లెక్కేస్తే, వాలు మీద రాళ్ళ సందుల్లో ఉన్న మట్టి మంచిదే, కాకపోతే ఉన్నదే పిడికెడు. శాతాల టేబుల్ పక్కన, లీటరు నేలకి ఎన్ని గ్రాముల కర్బనమో ఇంకో టేబుల్ వేశాను. రెండిటికీ పొంతనే లేదు.

ఆగస్టులో గడ్డి లెక్కకి వెళ్ళినప్పుడు నీళ్ళ క్యాను ఒకటి అదనంగా మోసుకెళ్ళాను.