మైక్రోవేవ్ పైన జీతం, పటం మీద చుక్క

2012లో నేను న్యూయార్కు దగ్గరి వైట్ ప్లెయిన్స్‌లో పనిచేసిన క్లయింటు ఆఫీసు కాఫీ గదిలో, మైక్రోవేవ్ పైన గోడకి నా జీతం అంటించి ఉండేది. పేరు లేదు. హెచ్‌1బీ వీసా మీద మనిషిని పెట్టుకోవాలంటే అమెరికా కార్మిక శాఖకు పెట్టే దరఖాస్తు ఒకటుంటుంది, మనవాళ్లు ఎల్‌సీఏ అంటారు. దాని నోటీసు పనిచేసే చోటే, నలుగురికీ కనబడేలా, రెండు చోట్ల పది రోజులు ఉంచాలని రూలు. ఏ ఉద్యోగం, ఎంత జీతం, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ ఊరు, అన్నీ అందులో ఉంటాయి. పేరు లేకపోతేనేం, ఆ నెల ఆ అంతస్తులో కొత్తగా కనిపించిన మొహం నాదొక్కటే. పక్క సీటాయన సూపు వేడి చేసుకుంటూ కాగితం మొత్తం చదివి, నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. ఎక్కువనా, తక్కువనా అన్నది ఇప్పటికీ నాకు తెలీదు. ఆ పది రోజులూ లంచ్ బాక్సు నా సీట్లోనే, చల్లగానే తిన్నాను.

ఆ డిసెంబరులో మా చుట్టుపక్కల వేలమందికి ఇంచుమించు అలాంటిదే జరిగింది. వాళ్లది జీతం కాదు, తుపాకీ లైసెన్సు.

డిసెంబరు 14, శుక్రవారం. మాకు గంట దూరంలో ఉన్న కనెటికట్‌లోని న్యూటౌన్‌లో, శాండీ హుక్ బడిలో ఒకడు 20 మంది పిల్లల్నీ, ఆరుగురు పెద్దవాళ్లనీ కాల్చి చంపాడు. మా పాపకప్పుడు మూడేళ్లు. సోమవారం డే కేర్ దగ్గర దింపడానికి వెళ్తే తల్లులెవరూ కార్లు కదిలించట్లేదు. పిల్లలు లోపలికి వెళ్లి తలుపు పడ్డాక కూడా అలాగే కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఆఫీసుకి అరగంట లేటు.

సరిగ్గా ఆ వేడిలో, క్రిస్మస్‌కి రెండు మూడు రోజుల ముందు, మా ప్రాంతం పత్రిక ‘ది జర్నల్ న్యూస్’ ఒక పటం పెట్టింది. మన జిల్లాల్లాంటి వెస్ట్‌చెస్టర్, రాక్‌లాండ్ కౌంటీల్లో పిస్టల్ లైసెన్సు ఉన్నవాళ్లందరి ఇళ్లూ చుక్కలుగా. చుక్క మీద నొక్కితే పేరూ, అడ్రసూ. 33 వేలమందికి పైనే. దొంగతనంగా తెచ్చిన సమాచారం కాదు. సమాచార హక్కు కింద కౌంటీ ఆఫీసులకి అర్జీ పెట్టి తెచ్చుకున్నదే. ఆ రోజుకి న్యూయార్కు చట్టంలో లైసెన్సుదారుడి పేరూ, అడ్రసూ బహిరంగ రికార్డు. పక్కనున్న పుట్నం కౌంటీ వాళ్లు మాత్రం, చట్టం ఏమన్నా సరే, ఇచ్చేది లేదని కూర్చున్నారు.

నేను ఆ పటం చూశానా? ఏం మాటండీ, పాపని పడుకోబెట్టి, వంటింటి దీపం ఒక్కటీ ఉంచుకుని, నేనూ మా ఆవిడా రాత్రి ఒంటిగంట దాకా చూశాం. ముందు డే కేర్ వీధి. తర్వాత ఆఫీసు మేనేజరు వీధి. ఆ తర్వాత మాది.

మా పక్కింటి మీద చుక్క ఉంది.

పక్కింట్లో ఉండేది డెబ్భై దాటిన ముసలాయన, ఒక్కడే. మేం అద్దెకి దిగిన మొదటి చలికాలం మెట్ల మీద ఉప్పు ఎప్పుడు చల్లాలో, ఎంత చల్లాలో నేర్పింది ఆయనే. ఆ అక్టోబరు చివర్లో శాండీ తుఫానొచ్చి మా వీధికి ఆరు రోజులు కరెంటు పోతే ఆయన ఇంట్లో జనరేటరు నడిచింది. అప్పుడు చూడ్డానికొచ్చిన ఆయన అల్లుడు, పాప పాలకోసం మేం పడుతున్న అవస్థ చూసి, నారింజరంగు ఎక్స్‌టెన్షన్ తీగ ఒకటి కంచె మీంచి మా కిటికీలోకి లాగి ఇచ్చాడు. ఆరు రోజులూ మా ఫ్రిజ్ ఆయన పెట్రోలు మీదే నడిచింది. ఇది జరిగి రెండు నెలలు కాలేదు. అయినా ఆ రాత్రి చుక్క చూసి మా ఆవిడ అన్న మొదటి మాట, “పాపని ఇంక ఆ కంచె దగ్గర ఆడనివ్వకండి.” నేను సరేనన్నాను.

ఇటువైపు ఇంటి మీద చుక్క లేదు. ఆ ఇంటాయన ఏటా నవంబరులో పొడుగాటి పెట్టె ట్రక్కులో పడేసుకుని ఉత్తరాన అడవుల్లోకి వెళ్తాడు. ఒక్కోసారి వెనకాల జింకని వేసుకుని వస్తాడు. అప్పట్లో మా ప్రాంతంలో వేట తుపాకీకి పిస్టల్‌లా లైసెన్సు అక్కర్లేదు, కాబట్టి ఆయన పటంలోకి ఎక్కలేదు. పిస్టలైతే ఇంట్లో ఉంచుకోడానికీ లైసెన్సు కావాలి. అందుకే నడుముకి కట్టుకుని తిరిగేవాడూ, బీరువాలో దాచుకున్నవాడూ అక్కడ ఒకే చుక్క. లైసెన్సు ఉన్నంత మాత్రాన తుపాకీ ఉందని కాదని పత్రికే కింద రాసింది. ఆ కథనం రాసిన విలేకరి తన దగ్గరా ఒక రివాల్వరుందని చెప్పుకున్నాడు. ఇవన్నీ మర్నాడు తీరిగ్గా చదివాను. రాత్రి చదవలేదు.

మా ఊళ్లోనూ తుపాకీ ఉండేది. ఊరంతటికీ ఒక్కటే, మునసబు గారి రెండు గొట్టాలది. కోతుల కోసమని పేరు. ఎలక్షన్లొస్తే స్టేషన్‌లో అప్పగించి రావాలి కదా, పాత దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వెళ్లేవారు. పోలింగు అయ్యాక అదే దుప్పట్లో తిరిగొచ్చేది. పేపర్లో వెయ్యక్కర్లేదు, దుప్పటి పొడుగు చూసి పిల్లలం కూడా చెప్పేసేవాళ్లం. కాకపోతే ఆయనకి రెండు కళ్లలోనూ శుక్లాలని, కోతులు ఆయన భుజం మీంచే దూకుతాయని కూడా ఊరికి తెలుసు.

టెనెస్సీలో మా పెదనాన్న కొడుక్కి గ్యాస్ స్టేషనుంది. సిటిజనయ్యాడు, రాత్రి క్యాష్‌తో ఇంటికెళ్లాలి, పర్మిట్ తీసుకున్నాడు. అక్కడి పత్రిక కొన్నేళ్ల ముందే పేరు కొట్టి వెతుక్కునే జాబితా పెట్టింది. ఫోన్ చేసి అడిగితే నవ్వాడు.

“దొంగ నాయాళ్లు చదివితే నాకే మంచిదిరా తమ్ముడూ, పక్క స్టేషనుకి పోతారు. చదివింది వాళ్లు కాదు, మనవాళ్లు. ఉగాది పోట్‌లక్‌లో ఒకావిడ మీ వదినని పక్కకి పిలిచి, ఎక్కడ పెడతారండీ, బీరువాలోనా, అనడిగింది.”

మనవాళ్లంటే ఆశ్చర్యం ఏముంది. ఫలానా ఆయన ఇల్లెంతకి కొన్నాడో గృహప్రవేశానికి వెళ్లే ముందే చూసుకుని వెళ్లే జాతి మనది. ఎల్‌సీఏల్ని కార్మిక శాఖే ఫైళ్లుగా పెడుతుంది, కంపెనీ పేరూ ఊరూ కొట్టి కొత్త పెళ్లికొడుకు జీతం అంచనా కట్టిన మామగార్లు నాకు తెలుసు.

ఇక పత్రిక మీద దుమారం మామూలుగా లేగలేదు. కోపమొచ్చిన వాళ్లు పత్రిక ఉద్యోగుల ఇళ్ల అడ్రసులు ఇంటర్నెట్‌లో పెట్టారు. బెదిరింపులొచ్చి, పత్రిక తన ఆఫీసుకి తుపాకులున్న గార్డుల్ని పెట్టుకుంది. రాక్‌లాండ్ షెరీఫు, మీ ఇల్లెక్కడో మాకు తెలుసంటూ ఖైదీలు జైలు గార్డులతో అంటున్నారని చెప్పాడు. మొగుడి దెబ్బలకి పారిపోయి వచ్చి, ప్రాణభయంతో లైసెన్సు తీసుకున్న ఆడవాళ్ల అడ్రసు కూడా అక్కడే కదా అన్న మాట విన్నప్పుడు మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. వైట్ ప్లెయిన్స్‌లోనే, పటంలో ఉన్న ఒక ఇంట్లో దొంగలు పడి తుపాకుల పెట్టె తెరవబోయారు. పటం చూసే వచ్చారా అన్నది తేలలేదు. జనవరి 15న గవర్నరు క్యూమో కొత్త తుపాకుల చట్టం మీద సంతకం పెట్టాడు. కారణం చూపించి తమ వివరాలు బయటికి ఇవ్వొద్దని కోరే హక్కు అందులో లైసెన్సుదారులకి ఇచ్చారు. 18న పత్రిక పటం తీసేసింది. ఆ ఏడే టెనెస్సీ కూడా తన జాబితాకి తలుపులు మూసింది.

పటం పోయినా మా కిటికీలోంచి చుక్క పోలేదు. ఆ జనవరిలో ముసలాయన పెరటి షెడ్డుకి అరచేతంత కొత్త తాళంకప్ప వేలాడింది. అప్పటిదాకా దానికి గడియ కూడా సరిగ్గా ఉండేది కాదు. “అందులోనే పెట్టుంటాడు,” అంది మా ఆవిడ. నేను ఔననలేదు, కాదనలేదు. కర్టెను మాత్రం లాగాను.

ఫిబ్రవరి రెండోవారంలో పెద్ద మంచు పడింది. పొద్దున్నే చప్పుడుకి లేచి చూస్తే ముసలాయన స్నో బ్లోయరుతో తన దారి అయ్యాక మాదీ తోస్తున్నాడు. సిగ్గేసింది. బూట్లు దొరకలేదు, వెతుకుతూ బేస్‌మెంట్లోకి దిగితే మెట్ల కింద, చుట్టచుట్టి, శాండీ నాటి నారింజరంగు తీగ. అల్లుడు ఇచ్చింది, మేం మర్చిపోయాం. కనీసం ఇదైనా ఇచ్చేద్దామని చెప్పుల్లోనే బయటికి పరిగెత్తాను.

ఆయన మిషను ఆపి తీగనీ, నన్నూ మార్చి మార్చి చూశాడు.

“ఇది మీ దగ్గరుందా? డిసెంబరు నుంచీ కనబడక, ఆ పటం చూసి ఎవరో వచ్చారనుకున్నాను. తాళం కొన్నాను.”